రివెట్లు లేని ఓడ

తీరానికి దూరంగా రోజుల తరబడి కాపలా తిరుగుతూ, అనుమానం కలిగించిన పడవలను ఆపి సోదా చేస్తూ, ఆపదలో చిక్కినవారిని ఒడ్డుకు చేర్చే తేలికపాటి ఆయుధాల ఓడను నౌకాదళంలో గస్తీ నౌక అంటారు. అటువంటిదొకటి సముద్రానికి వందల కిలోమీటర్ల ఇవతల, జూబ్లీహిల్స్‌ను ఆనుకొని ఉన్న ఫిలింనగర్‌లోని ఒక షెడ్డులో సినిమా కోసం ప్లైవుడ్‌తో తయారవుతోంది. సెట్టు పనివారిలో పెద్దవాడు దాని పక్కభాగానికి థర్మాకోల్ అరగోళాలను బొటనవేలితో అదిమి అంటించి, అంచున పొంగిన జిగురును గోటితో గీకి, బూడిదరంగు ఆరిన తరువాత ఒక్కొక్కదాని కింద తడిగుడ్డతో తుప్పు చారను దించుతాడు. ఆ అరగోళాలు రివెట్లు, అంటే ఇనుప పలకలను జోడించే గుండు తల మేకులు. ఈ కాలపు ఓడలను వెల్డింగుతో అతుకుతారు గనుక వాటికి రివెట్లు ఉండవనీ, చూసేవారికి ఓడ అనిపించాలంటే అవి ఉండి తీరాలని పైవారు పట్టుబట్టారనీ అతడు సహాయకుడి దగ్గర గొణుగుతాడు. ఫిర్యాదు న్యాయమైనదే, చేతిపని మాత్రం అసలు ఇనుమనిపించేంత చక్కనిది.

పోల్చి చూసుకోవడానికి అసలు ఓడలు తెలుగునేల మీదే పుట్టాయి. సుకన్య తరగతికి చెందిన ఏడు గస్తీ నౌకల్లో మొదటి మూడు దక్షిణ కొరియాలో తయారు కాగా, సావిత్రి, సరయు, శారద, సుజాత అనే మిగిలిన నాలుగూ విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో రూపుదిద్దుకొని 1990, 1993 మధ్య నౌకాదళంలో చేరాయి. సుమారు 101 మీటర్ల పొడవున్న ఈ ఓడల మీద హెలికాప్టర్ దిగడానికి చోటు ఉంటుంది. వీటిలో సరయు 2000లో శ్రీలంకకు చేరి, సయుర అనే పేరుతో ఆ దేశ నౌకాదళానికి ప్రధాన నౌకగా నిలిచి, 2007లో ఎల్‌టీటీఈ ఆయుధ నౌకలను నడిసముద్రంలో ముంచిన దాడుల్లో పాల్గొంది. విశాఖ కార్మికులు అతికిన ఓడకు ఇంత చరిత్ర ఉండగా, 2017లో ‘ఘాజీ’తో జలాంతర్గామిని తెరకెక్కించిన సినీ పరిశ్రమకు గస్తీ నౌక ఇప్పటికీ నాయకుడి వెనుక కనిపించే గోడ మాత్రమే. కాపలాలో పతాక సన్నివేశం ఉండదన్న వాదన సరయు విషయంలో చెల్లదు. సినిమావారిని మాత్రమే తప్పుపట్టడమూ సరికాదు, ఎందుకంటే వారు తిరగేయడానికి ఈ నాలుగు ఓడల కథ తెలుగులో ఒకచోట దొరకడమే కష్టం. వాటిని అతికిన వెల్డర్లలో అప్పటి ముప్పై ఏళ్లవారు ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసినవారే గనుక, ప్లైవుడ్ కోసే ముందు విశాఖ వెళ్లి వారిని అడిగే పని ఇంకా సాధ్యమే.