ముట్టుకోకయ్యా

1994లో నాకు ప్రాజెక్టు శాంక్షనయింది. లేజర్ స్పెక్ట్రోస్కోపీ ల్యాబు పెట్టుకోవాలి. గది కోసం ఆరు నెలలు తిరిగాను. చివరికి కింది అంతస్తులో, కక్కసుల పక్కన, విరిగిన కుర్చీలు పడేసే గది ఇచ్చారు. కిటికీ కూడా లేదు. "మీకిది చాల్లెండి" అన్నాడొక పెద్దాయన. ఆ 'మీకు' ఎవరో నాకు తెలుసు. ఊరికి దూరంగా గూడెం పెట్టినోళ్ళ బుద్ధి యూనివర్సిటీకొస్తే మారుద్దా?

అయితే ఆయనకి తెలియందొకటుంది. మా పనికి చీకటిగదే కావాలి. మేడమీదైతే నడిచే కాళ్ళ అదురుకి అద్దాలు కదుల్తాయి, నేలమీద ఆ బాధ తక్కువ. అవమానంగా ఇచ్చిన గదే అక్కరకొచ్చింది. గోడలకి నల్లరంగు నేనూ నా స్టూడెంటూ వేసుకున్నాం.

గాలితిత్తుల కాళ్ళమీద నిలబడే బల్ల, ఆర్గాన్ లేజరు, మోనోక్రోమేటరు, ఫోటోమల్టిప్లయరు ఒక్కొక్కటే వచ్చాయి. ఆర్గాన్ లేజరు తాగే కరెంటు దాదాపు అంతా వేడి కిందే పోద్ది. త్రీఫేజు లైనూ, ఆగకుండా పారే నీళ్ళూ ఉండాలి. నీళ్ళాగితే లేజరు దానంతటదే ఆగిపోద్ది. 1928లో రామన్ పాదరసం దీపంతో పట్టిన గీతల్ని మేం 514.5 నానోమీటర్ల పచ్చకాంతితో వెతకాలి. కోటి ఫోటాన్లలో ఏ ఒక్కటో రంగు మార్చుకుంటుంది.

మా అయ్య చూస్తానని వచ్చాడు. జీవితమంతా ఆరె, రంపె పట్టి చెప్పులు కుట్టినోడు. చిన్న హీలియం–నియాన్ లేజరు ఎర్రగీత చూసి మురిసి, అద్దం మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకయ్యా!" అని అరిచాను.

చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. తలొంచుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు. ఊరబావికాడ ఆయన అట్లా జరగడం చిన్నప్పుడు చూశాను. నా నోరు పడిపోను!

వేళ్ళజిడ్డు అంటితే అద్దం పూత పాడవుద్దనీ, ఎవరి వేళ్ళకైనా జిడ్డుంటుందనీ, వైస్‌ఛాన్సలరునైనా ముట్టుకోనివ్వననీ చెప్పాను.

"ఎవుర్నైనానా?" అని రెండుసార్లు అడిగాడు.

గ్లోవ్స్ తొడిగి, అద్దం వెనక మర ఆయన చేతికిచ్చాను. వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. ఎర్రగీత సన్నబెజ్జంలోంచి అవతలికి దూరింది.

"ఆరె దిగే బెజ్జం కంటే సన్నంగుందిరా" అన్నాడు.

ఆ ఆర్గాన్ లేజరు మూలపడి చాలా ఏళ్ళయింది. మా అయ్యా లేడు. ఇప్పటికీ ల్యాబుకి కొత్తగా వచ్చిన పిల్లలతో ముట్టుకోవద్దనే మాట అనను. ముందు గ్లోవ్స్ ఇస్తాను. తర్వాత అద్దం చేతిలో పెడతాను.