అహోబిలమున భవనాశి వెంట ఒక దినపు నడక

అహోబిలయాత్ర చేసి వచ్చిన గృహిణులను "జ్వాలానరసింహుని చూచితిరా?" యని యడుగుడు. "మగవారును పిల్లలును పోయిరి, మేము ఎగువ సన్నిధియొద్ద మూటలకు కాపుంటిమి" అని పలువురు చెప్పుదురు. సోదరీమణులారా, ఆ బాటకు మనకాళ్లు చాలకపోవుట దీనికి కారణము కాదు. తెల్లవాఱుజామున వంట, పిమ్మట పిల్లల స్నానములు, ఆపైన మూటలు. ఇవి యన్నియు ముగియునప్పటికి ఎండ యెక్కును. కావున ఈ నడక కొఱకు చేయవలసిన యేర్పాటు కొండమీద గాక వంటయింటిలోనే మొదలు కావలెను.

ఈ క్షేత్రము నంద్యాలజిల్లాలో, నల్లమల యడవిలో నున్నది. ఆళ్లగడ్డ మీదుగా పోవలెను. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని కోవెల కలదు. అచటికి సుమారు 8 కిలోమీటర్ల దూరమున ఎగువ అహోబిలము. అంతవఱకు బండి పోవును. అటుపిమ్మట గరుడాద్రి వేదాద్రుల నడుమ భవనాశి యను సెలయేఱు దిగుచుండును. దాని యొడ్డునను, కొన్నియెడల దాని గర్భమునందలి బండలమీదుగను బాట సాగును. సుమారు 1 కిలోమీటరున వరాహనరసింహుడు, 4 కిలోమీటర్లలోపల జ్వాలానరసింహుడు. తిరుమంగై యాళ్వారు ఈ స్థలమును మానవులకు చేర శక్యము కానిదిగా వర్ణించెను. నేడు కొన్నిచోట్ల మెట్లును ఇనుపకమ్ములును ఉన్నవి గాని, మిగిలినచోట్ల గుండ్రాళ్లే.

నాలుగు కిలోమీటర్లే కదా యని లెక్కవేయువారు పొరపడుదురు. ఈ బాటను దూరముతో గాక గంటలతో కొలువవలెను. పిల్లలును పెద్దలును గల కుటుంబమునకు కిలోమీటరునకు ముప్పావుగంట పట్టునని యెంచుకొన్నచో మోసము లేదు. పోవుట, వచ్చుట, దర్శనములు, విశ్రాంతి కలిపి ఏడు గంటలు. ఉదయము 7 గంటలకు ఎగువ సన్నిధిని విడిచినచో 2 గంటలకు తిరిగి చేరవచ్చును. ఎక్కడ నున్నను 11 గంటలకు వెనుకకు మరలుదుమని బయలుదేఱకమునుపే అందఱును ఒప్పుకొనవలెను. కొండలనడుమ వెలుగు త్వరగా తగ్గును. పులులు తిరుగు అడవి యిది.

ఋతువు మాట. మార్గశిరమునుండి మాఘమువఱకు మేలు. దసరాసెలవులలో పోవుదమందురు గాని అప్పటికి వానలు తీఱవు. వేసవిసెలవులలో ఆ బండలు పెనములవలె కాగును. సంక్రాంతిసెలవులు అన్నివిధముల తగినవి. కనుమనాడు స్వామి పారువేటకు వెడలును గనుక జనసమ్మర్దము వలదనువారు పండుగకు ముందే పోవలెను.

ఏటిని గుఱించి ఒకమాట తప్పక చెప్పవలెను. మనతలపై ఎండ కాయుచున్నను, పైకొండలలో వాన కురిసినచో ఈ యిఱుకులోయలోనికి నీరంతయు ఒక్కుమ్మడి దిగును. తేటనీరు బురదరంగు తిరిగినను, ఆకులును పుల్లలును కొట్టుకొనివచ్చినను, చప్పుడు హెచ్చినను పిల్లలతో వెంటనే గట్టుమీదికి ఎక్కవలెను. పొంగిన యేటిని దాటరాదు. ఆవలియొడ్డున చిక్కుకొన్నచో నీరు తగ్గువఱకు కూర్చుండుటే తెలివి.

ఇక భోజనము. ఇక్కడనే మనము దినమంతయు పోగొట్టుకొందుము. నాలుగుగిన్నెల వంట, పప్పుచారు, వడ్డనకు గరిటెలు! ఏటియొడ్డున ఎవరు వడ్డింతురు? ముందురాత్రియే పులిహోర కలుపుకొని, ఎవరిపాలు వారికి వేఱువేఱు పొట్లములు కట్టి, ఎవరిపొట్లము వారే మోయునట్లు చేయవలెను. ఆఱేండ్ల పిల్లవాడైనను తన వేఱుసెనగలు, బెల్లము తాను మోయగలడు. ఇంటియజమానులు సంచి తగిలించుకొన్నంతమాత్రమున వారి గౌరవమునకు లోటు రాదు. మూటలే లేనప్పుడు కాపుండువారితో పనిలేదు. చేతిలో వ్రేలాడు సంచులను కోతులు లాగుకొనును. వీపున కట్టుకొనునవి మేలు. నీరు మనిషికి రెండు సీసాలు. ఖాళీసీసాలను, కాగితములను అడవిలో వదలక తిరిగి తేవలెను.

పట్టుచీరలు సన్నిధికే యుండనిండు. నడకకు తేలికయైన నేతచీర, కుచ్చెళ్లు కొంచెము పైకి దోపినది చాలును. పట్టుగల రబ్బరు అడుగుల పాదరక్షలు అవసరము. తడిబండపై క్రొత్తచెప్పులు జాఱును. ఒక చేతికఱ్ఱ యున్నచో సగము ధైర్యము. నడవలేని అత్తగారికి డోలీ దొరకును. ఆమెను గదిలో కూర్చుండబెట్టుటకంటె ముందుదినమే డోలీవారితో కూలి మాటలాడుకొనుట మంచిది.

జ్వాలానరసింహుని సన్నిధియొద్ద కొండచరియపైనుండి జలధార క్రిందికి జాఱును. వానకాలము తీఱినపిదప అది సన్నగిలును. హిరణ్యకశిపుని చీల్చిన పిమ్మట స్వామి చేతులు కడిగెనను రక్తగుండము అచటనే చూపుదురు. నృసింహపురాణము రచించిన ఎఱ్ఱన మాటలు ఇంటిలో చదివినవారికి ఆ గుహయెదుట నిలుచుట వేఱు అనుభవము. మరలునప్పుడు ఓపిక మిగిలినచో మాలోలుని దర్శింపవలెను. ఉగ్రమూర్తిని చూచి వచ్చినవారికి లక్ష్మీసమేతుడై శాంతించిన స్వామి కనబడును. మనస్త్రీలకు ఇదియే యిష్టమైన సన్నిధి యగునని నా తలంపు.

ఉగ్రస్తంభమును ఈ దినమున తలపెట్టరాదు. ఆ యెక్కుడు వేఱొక దినపు పని, దారి తెలిసినవారు తోడు కావలెను. ఎగువసన్నిధి చేరినపిదప పిల్లల పాదములకు ముండ్లున్నవేమో చూచి, దిగువకు పోవు బండివేళ దాటకమునుపు మిగిలిన పొట్లములు విప్పుకొనవచ్చును.