గెడ్డకో నంబరు

శ్రీకాకుళంలో పిల్లలు అమెరికా ఆసుపత్రుల బిల్లులు రాయడం నేర్చుకుంటున్నారట, వెళ్లి చూసి రాయమన్నారు ఎడిటరుగారు. ఏడు రోడ్ల కూడలికి కాస్త ఎడంగా, ఓ చీరల కొట్టు మీది అంతస్తులో ఉంది ఆ మెడికల్ కోడింగ్ ఇన్‌స్టిట్యూట్. మెట్ల పక్కన గోడంతా ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలు, వాటి కింద జీతాలు. కంప్యూటర్ల గది, ప్లేస్‌మెంట్ లెక్కలు అన్నీ దగ్గరుండి చూపిస్తానన్నాడు యజమాని. నేను మొదటి గదిలోనే కూలబడ్డాను. అక్కడ మేడమ్ పాఠం చెబుతోంది.

ఆమెది పొందూరు. బీఎస్సీ చదివి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులు చేసి, పిల్లాడు పుట్టాక వెనక్కి వచ్చేసిందట. కుడిచెయ్యి లావుపాటి కోడ్ పుస్తకం మీద, ఎడమ చూపుడువేలు పేషెంటు చార్టు మీద. ఆ వేలు ప్రతి మాట దగ్గరా ఆగుతుంది, అక్కర్లేనిదాన్ని వదిలేసి ముందుకు జరుగుతుంది. వాళ్లూళ్లో వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆడవాళ్ల చేతులు ఇలాగే కదులుతాయి.

ఆ రోజు పాఠం నరాల మీద వచ్చే కేన్సర్ కాని గడ్డల గురించి. ఎడమ ముంజేతిలో గడ్డ, ఆపరేషన్ చేసి తీశారు అని చార్టులో ఉంది. వెనక బెంచీ కుర్రాడు టక్కున "డి36.12 మేడమ్" అన్నాడు. చేతి నరాల్లో వచ్చే అపాయంలేని గడ్డకు అమెరికా వాళ్ల కోడ్ అదే. ఆమె పుస్తకం మూసేసింది.

"బయాప్సీ రిపోర్టు చూశావా?"

చూడలేదు.

"మరి అది కేన్సర్ కాదని నీకెవరు చెప్పారు? డాక్టరు 'అనుమానం' అని రాస్తే అవుట్‌పేషెంటు చార్టులో దాన్ని జబ్బుగా వెయ్యకూడదు. రిపోర్టు వచ్చేదాకా అది ఎడంచేతి వాపే. ఆర్22.32."

గమ్మత్తేమిటంటే, వాపు కోడ్‌లో ఎడమా కుడీ వేరువేరు. అదే వాపు నరం గడ్డగా తేలాక ఏ చెయ్యో చెప్పే అంకె ఉండదు. ఎందుకలా అంటే "మనం రాసిన పుస్తకమా సార్" అంది. 2015 అక్టోబరు 1న అమెరికా కొత్త కోడ్లకు మారేదాకా చేతి నరం గడ్డకు సొంత పద్దే లేదు, కండరాల గడ్డలతో కలిపి 215లో పడేసేవారు. ఇప్పుడు తల, మెడ అయితే చివర 11, చెయ్యి 12, కాలు 13. చెవి నరం గడ్డ మాత్రం ఈ వరసలోకి రాదు. అది మెదడు పద్దులో డి33.3.

డబ్బంతా ఆపరేషన్ కోడ్‌లో ఉంది. చర్మపు నరం మీది గడ్డ తీస్తే 64788, పెద్ద నరం మీదిదైతే 64790. సర్జన్ నరం పేరు రాయకుండా వదిలేస్తే కోడర్ ఊహించకూడదు, ప్రశ్న రాసి పంపాలి. అక్కడెక్కడో ఉన్న సర్జన్‌ను ఆమదాలవలస పిల్ల "ఏ నరమండీ?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే బిల్లు కదలదు. నాకిది భలేగా నచ్చింది.

టీ తెచ్చిన మామ్మ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటోంది. మోచేతి లోపలివైపు కుట్ల మచ్చ చూపించి "నాకూ ఈడే గెడ్డొచ్చింది. కోసీసినారు. నా గెడ్డకీ ఓ నంబరెట్టమ్మా" అంది. పిల్లలు నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"కాయితం ఉందేటి మామ్మా?"

ఉంది. ఆపరేషన్ అయ్యాక చిటికెనవేలు మొద్దుబారిపోయిందట. ఎవరైనా డాక్టరు కనిపిస్తే చూపిద్దామని సంచీలోనే పెట్టుకు తిరుగుతోంది. ఓ నర్సింగ్ హోం చీటీ. ఎడమ మోచేతి వాపు, తీసివేయబడినది అని ఒక్క వాక్యం. బిల్లు మాత్రం విపులంగా ఉంది: గ్లోవ్సు, దూది, థియేటరు, మత్తు డాక్టరు, దేనికది విడిగా. ఏ నరమో లేదు, గడ్డ పేరు లేదు.

"ముక్క టెస్టుకి పంపినారా?"

"ఏటో తల్లీ, నాకేటీ సెప్పనేదు."

ఒళ్లు మండింది నాకు. మోచేతి లోపలివైపు పోయేది అల్నార్ నరం, చిటికెనవేలి స్పర్శ దానిదే. గడ్డ ష్వానోమా అనే రకమైతే నరాన్ని పక్కకు నెట్టుకుంటూ పెరుగుతుంది. ఓపికున్న సర్జన్ చాలాసార్లు నరం చెడకుండా ఒలిచి తీయగలడు. న్యూరోఫైబ్రోమా అనే రకమైతే నరం పోగుల నడుమే పెరుగుతుంది, తీయడం కష్టం. పైగా మన వైపు మోచేతి నరం ఉబ్బితే కుష్ఠు సంగతి కూడా చూడాలి. కుష్ఠు పరీక్షలో డాక్టరు తడిమి చూసే ముఖ్యమైన నరాల్లో ఇదొకటి. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉన్న ప్రాంతమిది, ఇక్కడి డాక్టర్లకు ఇది తెలియదనుకోను. మామ్మ వేలు గడ్డ వల్ల పోయిందా, కత్తి వల్లా, మందులతో నయమయ్యే కుష్ఠు వల్లా? సీసాలో లేబుకు వెళ్లాల్సిన ముక్క చెత్తలో పడితే ఇక ఎవరు చెప్పగలరు?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ముందస్తు అనుమతి, ఆపరేషన్‌కో కోడ్, కోడ్‌కో ప్యాకేజీ అప్పట్నుంచీ ఇక్కడి పేదలకు తెలిసినవే. పథకం పేరు ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చింది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. దానిలో ఎవరికి ఎంత చెల్లించాలన్న లెక్క పక్కాగా ఉంటుంది, డబ్బు కట్టేవాడు అడుగుతాడు కనుక. మామ్మలా చేతిడబ్బు పెట్టుకున్నవాళ్ల తరఫున అడిగేవాడే లేడు. సరిగ్గా రాసిపెట్టకపోతే నష్టం ఒక్క మామ్మదే కాదు. ఇదే జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా మనుషుల్ని తింటోంది, కారణం ఇంకా తేలలేదు. పాత కేసు షీట్లన్నీ ఈ మేడమ్ వేలి కింద నుంచి వెళ్లి ఉంటే కారణం దొరికేదని చెప్పలేను. వెతికేవాళ్లకు చేతిలో ఏదో ఒకటి ఉండేది.

మేడమ్ మామ్మ కాగితం వెనక ఆర్20.0 అని రాసింది. స్పర్శ లేకపోవడం. "ఇంతకుమించి రాసే హక్కు నాకు లేదు మామ్మా" అని, కింద తెలుగులో రెండు ప్రశ్నలు రాసిచ్చింది: తీసింది ఏ నరం మీది గడ్డ? ముక్కగానీ స్లైడుగానీ ఉంచారా? నర్సింగ్ హోంలో ఇవి అడిగి, ఆ తర్వాత పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు వేలు చూపించుకోమంది.

బయటికొస్తుంటే నెల్లిమర్ల నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి కలిసింది. ఇక్కడి ఆసుపత్రుల్లోనే ఈ పని దొరికితే చేస్తావా అన్నాను. "అడిగాను సార్, మా ఊరి దగ్గర ఒక నర్సింగ్ హోంలో. కోడింగ్ అంటే ఏంటన్నారు. రిసెప్షన్‌లో కూర్చుంటే ఆరువేలిస్తామన్నారు."