కొలిచే ముందు

మా చిన్నవాడు సొంతంగా హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ తయారుచేశాడు. అది ఎంత బాగా పనిచేస్తుందో కొలవడానికి ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలన్నాడు.

"బాగానే వినిపిస్తోందిగా, మళ్లీ కొలవడం దేనికిరా?" అన్నాను.

"చెవి మొహమాటపడుతుందమ్మా" అన్నాడు.

షాపులో మీటలు ఎక్కువున్న పెట్టెను వద్దన్నాడు. లైన్ ఇన్‌పుట్ ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో రాసి ఉండాలట, దాని సొంత రొద ఆంప్ రొద కంటే బాగా తక్కువుండాలట. అలాంటిదే తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ బదులు 32 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి కొలిచాడు. తెర మీద 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత లేచింది. కరెంటు గుర్రు అది. "నువ్వు ఏ పని సరిగ్గా చేశావు గనక!" అనేశాను. వాడు మాట్లాడలేదు.

మర్నాడు యాగంటి వెళ్లాం. ఒకప్పుడు నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు నంది పెరిగి సందు లేదని పెద్దలు చెబుతారు. వాడు స్తంభం వైపు చూసి, "నందిని కొలిచే ముందు ఇది కదల్లేదని చూసుకోవాలి కదమ్మా" అని ఆగిపోయాడు.

ఇంటికి రాగానే ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి చూశాడు. గీత లేదు. మళ్లీ ఆంప్ తగిలించి, ఈసారి లాప్‌టాప్ ఛార్జర్ పీకేశాడు. అప్పుడూ గీత లేదు! రెండు ప్లగ్గుల ఎర్త్ వైర్లు కలిసి చేసిన గొడవట. ఆంప్ తప్పేమీ లేదు.

మరి నేనన్న మాట?

పొద్దున్నే లేచి ఉగ్గాని, బజ్జీలు చేశాను. వాడు రెండోసారి పెట్టించుకున్నాడు.