రెండు పేర్లు

పోయిన వారం పోస్టు చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, మిషన్ డబ్బుతో చదువుకున్నోళ్లకు ఆత్మగౌరవం గురించి మాట్లాడే హక్కుందా?" ఉంది. ఆ డబ్బుతో చదువుకున్నోణ్ని కాబట్టే చెప్తున్నా.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. శెనక్కాయ కాలంలో మాయమ్మ పులివెందుల వైపు కూలికి పోయేది. మా దిక్కున మిషన్ కొత్త మాటేం కాదు. లండన్ మిషన్ వాళ్లు కడప జిల్లాకు 19వ శతాబ్దంలోనే వచ్చినారు. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి తెలియనోళ్లు లేరు.

ఆరేళ్లప్పుడు నన్ను చర్చి సెంటర్‌లో స్పాన్సర్‌షిప్‌కు రాసుకున్నారు. పలక మీద నంబరు రాసిచ్చి, గుండెల కాడ పట్టుకోమని ఫొటో తీసినారు. (పోలీసు స్టేషన్లో కూడా ఇట్లే తీస్తారని తర్వాత సినిమాల్లో చూసినా.) ఫీజు కట్టేవాళ్లు. నోటుబుక్కులు, శనివారం గుడ్డుతో అన్నం, క్రిస్మస్‌కు ఒక జత గుడ్డలు. దాన్ని "ఎర" అనేవాళ్లెవరూ ఆ శనివారాల్లో మా పేటకు అన్నం తేలేదు.

మూడు నెలలకోసారి అమెరికాలో ఉన్న దాతకు ఉత్తరం రాయాల. సెంటర్లో అక్క బోర్డు మీద రాసేది, మేము చూసి రాసేవాళ్లం: నేను బాగున్నాను, మీరు బాగున్నారా, మా కోసం ప్రార్థన చేయండి. తెలుగులో పీహెచ్‌డీ చేసినా గానీ, నేను మొదట నేర్చిన సాహిత్య ప్రక్రియ మాత్రం అదే. ఒకసారి ఆ దాత, మీరు తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారని అడిగింది. గుడి కాడ బోరింగు ఉంది, మమ్మల్ని రానియ్యరు, దూరం పోయి తెచ్చుకుంటామని రాసినా. అక్క ఆ వాక్యం కొట్టేసి, "వానల్లేక నీళ్లకు ఇబ్బంది" అని రాయించింది. ఆమెదీ మా పేటే. "వాళ్లకు ఇవన్నీ అర్థం కావులే నాయనా" అనింది.

ఫారంలో అన్నిటికీ గడులుండేవి. నాయన పని, ఇంటి కప్పు, ఇష్టమైన ఆట. కులానికి గడి లేదు. దాత లెక్కలో మేము వానలు రాక పేదోళ్లం, నాయనకు జబ్బు చేసి పేదోళ్లం. పేట మొత్తం ఒకే తీరున ఎట్లా పేదదైందో చెప్పేచోటు ఆ కాగితంలో లేదు.

సర్కారు కాగితంది ఇంకో తంతు. సెంటర్లో నాది బైబిలు పేరు, బడి రిజిస్టర్లో అహోబిలం దేవుడి పేరు. ఎందుకో విద్యార్థులు తెలుసుకోవాల. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానోడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులు, ముస్లిములు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక్క శాతం. ఈ మత షరతు తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2025లో మన హైకోర్టేమో క్రైస్తవుడైన పాస్టరుకు అట్రాసిటీ చట్టం వర్తించదనింది. బోరింగు కాడ మాత్రం మమ్మల్ని ఎవరూ మతం అడగలేదు.

2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ ఇండియాలో పని ఆపేసింది. 1968 నుంచి ఇక్కడ ఉన్న సంస్థ. విదేశీ నిధులకు ముందస్తు అనుమతి కావాలని కేంద్రం అంతకుముందే ఆంక్ష పెట్టింది. మతమార్పిడి ఆరోపణ, సంస్థ కాదనడం, టీవీల్లో చర్చలు. దేశంలో లక్షా నలభై వేలకు పైగా పిల్లలకు సాయం ఆగిపోయింది. మరుసటి జూన్‌లో వాళ్ల ఫీజు ఎవరు కడతారని ఆ చర్చల్లో అడిగినోణ్ని నేను చూడలేదు. నన్ను చదివించింది వేరే సంస్థ, దాని మీదా నాకు విమర్శ ఉంది, పైన చెప్పినా. కానీ విమర్శించే అక్షరం వచ్చింది కూడా ఆ ఫీజుతోనే. రెండూ మోయాల్సిందే.

ఇప్పుడు ప్రొద్దుటూరులో పాఠం చెప్తున్నా. స్కాలర్‌షిప్ దరఖాస్తులప్పుడు ఏటా ఎవరో ఒకరు క్లాసు అయినాక ఆగుతారు. ఈసారి ఒక పాప వచ్చింది. మెడలో సన్న గొలుసు, దానికున్న సిలువను చున్నీ లోపలికి తోసుకుంటా అడిగింది: "సార్, మతం కాడ ఏం రాయాల?"

మీ నాయన సర్టిఫికెట్లో ఏముందమ్మా అన్నాను.