మూఢం వస్తే రెండు చేతులూ ఖాళీ

ఆషాఢం వచ్చిందంటే కామవరపుకోటలో నా రెండు వృత్తులూ ఒకేసారి పడుకుంటాయి. పెళ్లిళ్లు లేకపోతే శుభలేఖలుండవు, పాటకచేరీలూ ఉండవు. పగలు కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు పేర్చడం, రాత్రి వేదికెక్కి కీబోర్డు వాయించడం నా పని. ఈ రెంటినీ ఎలా నెట్టుకొస్తున్నావని అడిగేవాళ్లకి మనసులో తక్కెడ మెదులుతుందేమో, ఒకటి లేస్తే రెండోది దిగుతుందనుకుంటారు. మా వైపు అలా జరగదు. రెండూ ఒకే పంచాంగం తిని బతుకుతున్నాయి. శ్రావణంలో రెండూ లేస్తాయి, శుక్రమూఢంలో రెండూ కూర్చుంటాయి.

శుభలేఖ పెళ్లికి నెల ముందరి పని, పాట పెళ్లినాటి పని. చాలాసార్లు రెంటికీ ఇల్లు ఒకటే. "కార్డులు మీ దగ్గరే వేయించాం కదండీ, సంగీత్‌కి కూడా మీరే వచ్చెయ్యాలి" అంటారు పెళ్లివారు. "ఆయ్, తప్పకుండానండి" అంటాను. చిక్కల్లా ఎక్కడంటే, మాఘంలో ఒక ఇంటి పెళ్లికి కీబోర్డు సర్దుకునే సాయంత్రమే ఫాల్గుణం పెళ్లివాళ్లు మేటరు పట్టుకుని కొట్టుకి వస్తారు. తాతల పేర్లు, మేనమామల పేర్లు, వాటి ముందు 'కీర్తిశేషులు' ఎవరికి పెట్టాలో ఎవరికి పెట్టకూడదో, అన్నీ ఆ పూటే తేలాలి. శివకాశి కార్డుల ఆల్బం తిరగేసి, ప్రూఫు చూపించి, స్క్రీను ప్రింటింగుకి పంపి, ఆ తర్వాతే బండెక్కాలి. పాట కోసం ద్వారకా తిరుమల కొండ మీది కల్యాణ మండపాలకో, కొల్లేటి వైపు చేపల చెరువుల రైతుల ఇళ్లకో పోతాను.

పెళ్లిళ్లు లేని నెలల్లో మమ్మల్ని దేవుళ్లు ఆదుకుంటారు. భాద్రపదంలో వినాయక చవితి కమిటీలకు ఫ్లెక్సీ కావాలి, పందిట్లో పాట కావాలి. ధనుర్మాసం మొదలయ్యేసరికి ముహూర్తాలు ఆగిపోతాయి గానీ, సరిగ్గా ఆ రోజుల్లోనే క్రిస్మస్ వస్తుంది. మెట్ట పల్లెల చర్చిలన్నిటికీ కీబోర్డు వాయించేవాడు కావాలి, గేటు మీద కట్టే ఫ్లెక్సీ కావాలి. హిందువుల విరామాన్ని క్రైస్తవుల పండగ నింపుతుంది. ఇక్కడి కళాకారుడి కడుపు ఈ రెండు పంచాంగాలూ కలిపి నింపాల్సిందే.

బొమ్మనీ పాటనీ కలిపి బతికినవారు మా జిల్లాల్లో ఎవరని తలచుకుంటే ముందుగా అడివి బాపిరాజు గారు గుర్తొస్తారు. 1895లో భీమవరం ప్రాంతంలో పుట్టారు. రాజమండ్రి కాలేజీలో చదివేటప్పుడు ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆదరణ దొరికింది. దామెర్ల రామారావు గారిని చిత్రకళ వైపు నడిపించినదీ ఆ దొరే. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకుని, తర్వాత అక్కడే పాఠం చెప్పారు. పాటలు రాశారు, తామే పాడారు. 'శశికళ' ఆ పాటల సంపుటి. 1934లో ఆయన 'నారాయణరావు' నవల ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని విశ్వనాథ వారి 'వేయిపడగలు'తో కలిసి పంచుకుంది. 'మీరాబాయి' లాంటి సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, హైదరాబాదులో 'మీజాన్' పత్రికను నడిపారు, 1952లో కన్నుమూశారు.

ఇంత చేసినవారిని మనం 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అనేసి ఊరుకుంటాం. ఆ మాట నాకు నచ్చదు. అన్నీ అవే కుదిరిపోయాయన్నట్టు వినపడుతుంది. ఆయన జీవితం చదివితే నాకు కనిపించేది నిలకడ లేని ఉద్యోగాల వరస: కోర్టు, కళాశాల, స్టూడియో, పత్రికాఫీసు. బొమ్మా పాటా ఆ ఉద్యోగాల నీడన పెరిగాయి. లా చదివి, కొన్నాళ్లు భీమవరంలో ప్లీడరీ చేసిన మనిషి రాత్రిపూట ఏ రాగం తీసి ఉంటాడో ఊహించుకోవడం నాకిష్టం.

ఇంకో సంగతి. 'ఎంకి పాటలు' రాసిన నండూరి సుబ్బారావు గారు ఏలూరులో వకీలు. నరసాపురంలో పుట్టిన బాపు గారికీ 1955 నాటి లా పట్టా ఉంది. బొమ్మలు గీస్తూ, ప్రకటనల కంపెనీలో పనిచేస్తూ సినిమాల్లోకి వచ్చారు. ఆ తరాల్లో కళ పిచ్చి పట్టిన కొడుకుని తల్లిదండ్రులు లా కాలేజీకి పంపి ఊపిరి పీల్చుకున్నారన్నమాట. మా తరంలో ఆ పని డీటీపీ చేసింది. పాట పాడుకుంటానన్న కుర్రాడికి "ముందు పేజ్‌మేకరూ కోరల్‌డ్రా నేర్చుకో, తర్వాత పాడుకుందువుగాని" అని చెప్పని ఇల్లు మా వైపు తక్కువ. నాన్న నాకు చెప్పిందీ అదే. ఆయన చెప్పింది మంచిదే అయింది.

బొమ్మనీ పాటనీ కలిపి బతికినవారు మా వైపే కాదు, ఎక్కడో జర్మనీలో క్లాస్ వోర్మన్ అని ఒకాయన ఉన్నాడు. గ్రాఫిక్ కళ చదువుకుని, 1960లో హాంబర్గు క్లబ్బులో బీటిల్స్ బృందం పాట విని వాళ్లకు స్నేహితుడయ్యాడు. 1966లో వాళ్ల 'రివాల్వర్' రికార్డుకి అట్ట గీశాడు. కలంతో నలుగురి తలలూ గీసి, వాళ్ల జుట్టు పాయల మధ్య ఫొటో ముక్కలు అతికించాడు. దానికి గ్రామీ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే మాన్‌ఫ్రెడ్ మాన్ బృందంలో బేస్ గిటారు వాద్యగాడిగా చేరాడు. 1971లో జాన్ లెనన్ 'ఇమాజిన్' పాటలో వినిపించే బేస్ కూడా ఆయనదే. నన్ను పట్టుకున్నది ఆ 1966. చేతిలో బొమ్మ గొప్పగా పండిన ఏడాదే పాట కూడా పిలిచింది. అక్కడా రెండూ కలిసే లేచాయి.

ఒక పని ఇంకో పనిలో మిగిలిపోవడం మా మండలంలోనూ చూడొచ్చు, జీలకర్రగూడెం కొండ మీద గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటి గుండ్రటి చైత్యం, లోపల అదే రాతిలో తొలిచిన స్తూపం. దాన్ని మావాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. పైకప్పు చూడాలి. చెక్కతో కట్టిన ఇంటికి వాసాలు ఎలా దిగుతాయో అలాగే రాతిలో వాసాలు చెక్కారు. ఆ వాసాలు ఏ బరువూ మొయ్యవు, కొండే కొండని మోసుకుంటోంది. అయినా చెక్కారు. కొయ్యపనికి అలవాటుపడిన కన్ను రాతిలోకి వచ్చినా కొయ్యని మరిచిపోలేదు. బాపిరాజు గారు 'హిమబిందు'లో సాతవాహనుల నాటి కథ చెబుతూ శిల్పి సువర్ణశ్రీని నాయకుణ్ణి చేశారు గానీ, నాకు ఈ పేరు లేని చేతులు ఇంకా దగ్గరివాళ్లు.

ఒక పనిలో పట్టుబడింది రెండో పనిలోకి ఎలా పోతుందో ఒత్తు దగ్గర నాకు బాగా తెలిసింది. అక్షరాలు పేర్చేవాడికి ఒత్తు పెద్ద చిక్కు. వరసల మధ్య ఇంగ్లీషుకి సరిపోయే ఎడం తెలుగుకి చాలదు. పై వరస ఒత్తు దిగి కింది వరస గుడిని గుద్దుకుంటుంది. అందుకని కింద చోటు వదలాలి. పాటలో ఆ ఒత్తే చోటు బదులు కాలం అడుగుతుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందని ఛందస్సు చెబుతుంది కదా. 'కల్యాణం'లో 'క' పొట్టిదే అయినా వెనక 'ల్యా' ఉండబట్టి రెండు మాత్రలు నిలుస్తుంది. మూడూ గురువులే, మగణం. 'వివాహం'లో 'వి' అలా నిలవదు, ఒక్క మాత్రలో దాటిపోతుంది. అందుకే బాణీ కట్టేటప్పుడు ఈ రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి కూర్చోవు. శుభలేఖ మీదా అంతే. 'కల్యాణం' కింద గాలి కావాలి, 'వివాహం' ఇరుకులోనైనా సర్దుకుంటుంది. పగలు ఏ ఒత్తు కింద జాగా వదిలానో రాత్రి దాని ముందే వేలు ఆపుతాను. ఇది నాకు ఏ మాస్టారూ పాఠంగా చెప్పలేదు. రెండు పనులూ చెయ్యగా చెయ్యగా వేళ్లకి తెలిసింది.

ఈ రెండు పనుల్నీ యంత్రం కూడా ఇంచుమించు కలిసే మార్చింది. ఫ్లెక్సీ వచ్చి కుంచెతో బోర్డులు రాసేవాళ్ల చేతుల్లో పని తీసేసింది. లోపలే తాళాలన్నీ నింపుకున్న కీబోర్డు వచ్చి తబలానీ క్లారినెట్టునీ వేదిక దింపింది. నా అన్నం ఆ రెండు మార్పుల్లోంచే వస్తోంది, అందుకే పోయినవాటి మీద నాకు ప్రేమ ఎక్కువ. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు 1967లో బాపు 'సాక్షి'తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకు ప్రచార చిత్రాలు చేశారు. సినిమాకో అక్షరం. ఒకదాని మెలిక ఇంకోదానికి ఉండేది కాదు. మా డీటీపీ దుకాణాల్లో చాలాకాలం 'అను' ఫాంట్లే దిక్కు; ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకే చేతిరాతతో పిలిచేవి. తర్వాత సిలికానాంధ్ర వారు రాయల కొలువు కవుల పేర్లతో సూరన్న, ధూర్జటి, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా అందరికీ ఇచ్చారు. ఆ మేలు పెద్దది. చిన్న ఊళ్ల దుకాణదారుడికి అప్పుడు తొలిసారి ఎంచుకోవడానికి నాలుగు మొహాలు దొరికాయి.

కుంచె రాతలు మా మెయిన్ రోడ్డు మీద కొన్ని మిగిలున్నాయి. ఎరువుల కొట్టు గోడ మీద ఒకటుంది, పాత హోటలు పలక మీద ఒకటుంది. ఆ 'హ'కి ఉన్న ఒంపు, 'త'కి ఉన్న తోక ఏ ఫాంటులోనూ లేవు. వాటిని ఫొటోలు తీసి, మూఢం రోజుల్లో కంప్యూటర్లో గీస్తున్నాను. గీసినంతసేపూ పక్కన హార్మోనియం ఉంటుంది. చెయ్యి అలిసినప్పుడు పద్యనాటకాల మెట్లు రెండు సాధన చేసి మళ్లీ మౌసు పట్టుకుంటాను. అచ్చులయ్యాయి. హల్లుల్లో 'మ' దాకా గుణింతాలూ అయ్యాయి. ఈ ఆషాఢం వెళ్లేలోగా 'హ' దాకా వస్తే, వచ్చే మూఢానికి ఒత్తులు మొదలుపెట్టాలి.