ముఖం లేని రాణి... ఊరికి మిగిలిన చెరువు

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు మార్కాపురం రోడ్డు దాటి, గిద్దలూరు చేరకముందే కంభంలో ఆగుతుంది. స్టేషన్లో దిగి, ఊరు దాటి చెరువు కట్ట ఎక్కండి. చెరువు నిండిన ఏడాదైతే కొండల అంచు దాకా నీళ్లే. ఇది చెరువా, సముద్రమా అనిపిస్తుంది!

రెండు కొండల నడుమ, గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట ఇది. ఎత్తు 57 అడుగులు. నిండితే నీళ్లు దాదాపు 7 కిలోమీటర్ల పొడవునా పరుచుకుంటాయి. బ్రిటిష్ కాలపు గెజిటీరు లెక్కన 10 వేల ఎకరాలకు పైగా దీని కింద పారేది. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు దక్కింది.

కట్టించిందెవరని అడిగితే 'వరదరాజమ్మ' అంటారు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య. కళింగ యుద్ధంలో ఓడిన ప్రతాపరుద్ర గజపతి సంధిలో భాగంగా కూతుర్ని రాయలకిచ్చాడు. ఆమెనే తుక్కాదేవి అనీ చెబుతారు. భర్త ఆదరణ కరువై కంభంలో ఒంటరిగా బతికిందనీ, 'తుక్కా పంచకం' శ్లోకాలు ఆమెవేననీ జనశ్రుతి.

ఇప్పుడు ఒక్కసారి తిరుమల గుర్తు తెచ్చుకోండి. మహాద్వారం దాటగానే కుడిచేతి మండపంలో రాయల లోహ విగ్రహం ఉంటుంది. తలపై పొడవాటి కుళ్లాయి, ఒంటినిండా నగలు, జోడించిన చేతులు. కుళ్లాయి దర్బారు హోదాను చెబితే, జోడించిన చేతులు దేవుడి ముందు తానూ దాసుడినేనంటాయి. ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి. ఎవరెవరో తెలిసేలా పేర్లు కూడా చెక్కారు. 16వ శతాబ్దిలో రాజకుటుంబం లోకానికి ఎలా కనిపించాలనుకుందో చూపే చిత్తరువు అది.

అందులో గజపతుల కూతురికి చోటు లేదు. సంధి కోసం వచ్చిన పిల్ల ఎలా ఉండేదో చూపే బొమ్మ కంభంలోనూ కనబడదు.

ఆమె పేరు మాత్రం ఈ కట్టతోనే నిలిచింది. కట్టకు మట్టి మోసిన వేలమంది కూలీలకు ఆ పేరూ మిగల్లేదు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో చెరువు అడుగు నెర్రెలు విచ్చుతుంది, కింద పొలాలు బీడు పడతాయి. మళ్లీ గుండ్లకమ్మ పొంగి చెరువు నిండితే, రైతులు తలుచుకునేది రాయల్ని కాదు, వరదరాజమ్మనే.

వెళితే వానాకాలం చివర్లో వెళ్లండి. సాయంత్రం దాకా కట్ట మీద కూర్చోండి. తిరుమల మండపంలో కనిపించని రాణి గుర్తు ఇక్కడ ఏడు కిలోమీటర్ల మేర కనిపిస్తుంది.